ఇరవై మూడో నంబరు తాబేలు

నవోమికి శనివారాలంటే గిట్టదు. శనివారం తెల్లారేసరికల్లా కూతురు ప్రేమజ్యోతి రబ్బరు బూట్లు సంచిలో కుక్కుకుని, జెర్సీ సిటీలో బస్సెక్కి సముద్రం ఒడ్డుకి పోతుంది. అక్కడ లీల అని ఒకావిడ ఉంటుంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి పిల్ల ఒంటినిండా నాచు వాసన, నోటినిండా లీలా ఆంటీ మాటలు. ఆ వాసన ఒక స్నానంతో పోతుంది. ఆ మాటలు మాత్రం మళ్ళీ శనివారం దాకా ఇంట్లో తిరుగుతూనే ఉంటాయి.

లీల గారిది విశాఖపట్నం. జంతుశాస్త్రం చదివి, డాక్టరేటు చేసి, పదిహేనేళ్ళ కిందట ఈ దేశం వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు తాబేళ్ళ సంగతి చూడటం ఆవిడ ఉద్యోగం. ఎక్కడ ఏ తాబేలు కొట్టుకొచ్చిందన్నా పరుగెత్తాలి. బతికుంటే ల్యాబుకి తేవాలి. చచ్చిపోతే టేపుతో కొలిచి, కడుపు కోసి, ఏం తిని చచ్చిందో, ఏ వలలో పడి చచ్చిందో రాయాలి. మరీ పెద్దవైతే మోసుకు రాలేరు కనక డిప్పమీద నారింజరంగు పెయింటు చారలా కొట్టి వదిలేస్తారు, ఇంకొకరు వచ్చి మళ్ళీ లెక్కపెట్టకుండా. ఆ రంగు జ్యోతి కోటు చేతులకి అంటుకుని వచ్చేది. నవోమి దాన్ని ఎన్ని సబ్బులతో రుద్దినా పోయేది కాదు. సింకు దగ్గర నిలబడి ఆ చేతులు రుద్దుతూ, లీల గారిని మనసులో ఎన్ని అనాలో అన్నీ అనుకునేది.

జ్యోతి తండ్రి సుందర్ రాజ్ పోయి అప్పటికి మూడో ఏడు నడుస్తోంది. ఆయన న్యూయార్కులో ఒక ఇంజనీరింగు కంపెనీలో నక్షలు గీసేవాడు. మార్చి నెలలో ఒకరోజు పొద్దున రైలెక్కబోతూ ప్లాట్‌ఫారం మీదే కూలిపోయాడు. ఆయన జేబులో ఆఫీసు కార్డుంది. ప్రమాదమేదైనా జరిగితే ఎవరికి తెలపాలో రాసే చోట ఆయన భార్య పేరు రాయలేదు. నవోమికి ఇంగ్లీషు రాదని, తెలుగు సంఘం పాస్టరు దైవాశీర్వాదం గారి పేరూ ఫోను నంబరూ రాసుకున్నాడు. ఆసుపత్రివాళ్ళు పాస్టరు గారికే ఫోన్ చేశారు. ఆయన ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చి తలుపు కొట్టేసరికి మూడు గంటలు దాటింది. ఆ మూడు గంటలూ నవోమి బెండకాయలు తరిగింది, దుప్పట్లు ఉతికింది, కూనిరాగం తీసింది. చావు కబురు అందరికంటే ఆఖరున తనకి తెలిసింది. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆయన చెయ్యి చల్లగా అయిపోయింది. ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ చెప్పుకోలేదు. పాస్టరు గారితో కూడా.

అందుకే ఆ అక్టోబరులో లీల గారు ఫోన్ చేసి ఒక మాట అన్నప్పుడు నవోమి తట్టుకోలేకపోయింది. జ్యోతి బాధపడుతోందని, ఆ రోజు పొద్దున్న నాన్న స్టేషను దాకా తోడు రమ్మంటే తను బద్ధకించి వెళ్ళలేదని ఏడ్చిందని, కాస్త కనిపెట్టుకుని ఉండమని లీల గారు మెల్లిగా చెప్పింది. ఆవిడ మంచికే చెప్పింది. కానీ నవోమికి వినపడింది ఒకటే. రెండున్నరేళ్ళుగా పిల్ల గుండెలో దాచుకున్న మాట, ఒకే గోడకి ఇటూ అటూ పడుకునే కన్నతల్లితో చెప్పని మాట, తాబేళ్ళ డాక్టరమ్మతో చెప్పుకుంది. థాంక్సండీ అని ఫోన్ పెట్టేసి, ఆ రాత్రి అన్నం తినలేదు.

ఇంకోసారి జ్యోతి లీల గారింట్లో చేపల పులుసు తిని వచ్చింది. బాగుందా అని నవోమి మామూలుగా అడిగినట్టు అడిగింది. "బాగుంది అమ్మా, నీ పులుసు లాగే ఉంది" అంది జ్యోతి. బాగాలేదని అన్నా బాధ ఉండేది కాదు. నీ పులుసు లాగే అనేసరికి నవోమి ప్రాణం చివుక్కుమంది. నిజాంపట్నం రేవులో పుట్టి, పడవల్లో పనిచేసే నాయన తెచ్చిన చేపలు పదో ఏట నుంచీ వండిన చెయ్యి తనది. డాక్టరేటు చదివినావిడ ప్యాకెట్టు చింతపండుతో అదే రుచి తెచ్చిందంటే ఇంక తనకంటూ ఏం మిగిలినట్టు?

డిసెంబరు మొదటివారంలో కాగితం వచ్చింది. దక్షిణాన జార్జియా తీరంలో ఒక దీవి ఉందట. వేసవిలో తాబేళ్ళు అక్కడికి గుడ్లు పెట్టడానికి వస్తాయట. లీల గారికి ఈ దేశంలో పని నేర్పిన మేష్టారు అక్కడ క్యాంపు నడుపుతాడు. జ్యోతి పదకొండు వారాలు అక్కడ ఉండొచ్చు, పని బాగుంటే అక్కడి కాలేజీలోనే సీటుకి ఆయన ఉత్తరం ఇస్తాడు. పిల్లకి ఇంకా పద్దెనిమిది నిండలేదు కనక తల్లి సంతకం పెట్టాలి. సోమవారం పోస్టులో పడాలి.

నవోమి ఆ కాగితాన్ని వంటగదిలో బియ్యం డబ్బా కింద పెట్టింది. జ్యోతి ఇక్కడే ఉండి నర్సు చదువుతుందని సంఘంలో అందరికీ ఇదివరకే చెప్పుకుంది. ఒకరోజు పిల్ల బడికి వెళ్ళాక కాగితం తీసి చూసింది. ఇంగ్లీషు చదవడం రాకపోయినా పేర్లు పోల్చుకోగలదు. జ్యోతి పెన్సిలుతో నింపింది, తప్పులు పోతే చెరుపుకోవచ్చని దాని అలవాటు. కింద ఒక గీతమీద లీల గారి పేరు, ల్యాబు ఫోను నంబరు ఉన్నాయి. ఆ గీత ఎందుకో నవోమికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆసుపత్రిలో సుందర్ రాజ్ కార్డుమీద అలాంటి గీతే ఆవిడకి ఎవరో చూపించారు.

సాయంత్రం అడిగితే జ్యోతి చాలా తేలిగ్గా చెప్పింది. "ఏదైనా అయితే వాళ్ళు ఫోన్ చేస్తారు కదమ్మా, నీకు ఇంగ్లీష్ రాదు కదా, అందుకని."

తండ్రి అన్న మాటే కూతురూ అంది. నవోమి పప్పులో గరిటె తిప్పింది. సంతకం పెట్టననీ అనలేదు, పెడతాననీ అనలేదు. ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని కాచుకుంది.

ఆ శనివారం కూతురు బయల్దేరుతుంటే, నాలుగు గంటలకల్లా ఇంట్లో ఉండాలని, ఒక్క నిమిషం ఆలస్యమైనా వచ్చే వారం నుంచి బస్సుండదని గట్టిగా చెప్పింది. క్రిస్మస్ పాటలకి ఇంటింటికీ వెళ్ళాలి కదా అని కారణం చెప్పింది. పాటలు ఆరింటికి గానీ మొదలవవు. అది ఆవిడకీ తెలుసు, జ్యోతికీ తెలుసు.

జ్యోతి నాలుగుకి అయిదు నిమిషాలుండగా ఆయాసపడుతూ వచ్చింది. వచ్చీరాగానే గదిలోకి పోయి తలుపేసుకుంది. కిటికీ రెక్క ఎత్తిన చప్పుడు, దించిన చప్పుడు వినిపించాయి గానీ నవోమి పట్టించుకోలేదు.

ఆదివారం పొద్దున జ్యోతి పాటల రిహార్సలుకి చర్చికి వెళ్ళిపోయింది. తెలుగు ఆరాధన మధ్యాహ్నం రెండింటికి, అమెరికన్లు వాళ్ళ ఆరాధన ముగించుకున్నాక అదే చర్చి అద్దెకిస్తారు. ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమవిందుకి ఆ వారం కోడి పలావు నవోమి వంతు. పెద్ద గిన్నె దించి, త్వరగా వేడి తగ్గాలని జ్యోతి గది కిటికీ తెరిచి, బయట మంటలొస్తే దిగే ఇనప మెట్లమీద పెట్టబోయింది. మూడో అంతస్తులో వాళ్ళకి ఫ్రిజ్‌లో పట్టని సామాను చలికాలమంతా ఆ మెట్లే దాచేవి. అక్కడ అరటిపళ్ళ అట్టపెట్టె ఒకటి కనిపించింది. లోపల పాత న్యూస్‌పేపర్లు, వాటి మధ్య తాబేలు.

నవోమికి ముందు ఒళ్ళు మండిపోయింది. చచ్చినదాన్ని ఇంటికి తేవడమా? ఆదివారం పూట, పలావు గిన్నె పక్కనా? పెట్టె ఎత్తుకుని బాత్‌రూములో పడేసింది. ఆ బాత్‌రూములో రేడియేటరు చెడిపోయి నెలయింది, నేలంతా మంచులా ఉంటుంది. చచ్చినదానికి అదే సరైన చోటనుకుంది.

తలుపు మూయబోయి ఆగింది. అన్నం తినే పళ్ళెం అంత ఉంది అది. బూడిదరంగు డిప్ప, గుండె ఆకారంలో, వెనకవైపు కాస్త సన్నగా. రెక్కలాంటి ముందు కాలికి దారంతో అట్టముక్క కట్టి ఉంది. దానిమీద ఇరవై మూడు అని అంకె, తేదీ, కింద నాలుగు పెద్ద అక్షరాల మాట ఒకటి. ఆ మాట నవోమి చదవగలదు. ఆసుపత్రి కాగితంలో చూసింది. డెడ్.

చిన్నప్పుడు రేవులో వలల్లో ఇలాంటివి పడేవి. వాళ్ళ నాయన వల కోసుకుపోయినా సరే, తాబేలుని రెండు చేతులా ఎత్తి నీళ్ళలో వదిలేవాడు. పోవమ్మా, పో అనేవాడు, ఇంటికొచ్చిన ఆడపడుచుని సాగనంపినట్టు. నవోమి పెట్టె పక్కనే టబ్బు అంచుమీద కూర్చుంది. తాబేలు మెడ వాలిపోయి ఉంది. కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా, బిర్రుగా ఉంది. ఆ చల్లదనం ఆవిడ చేతికి తెలిసినదే.

ఇన్ని నెలలుగా చెవుల్లో ఊదరగొట్టిన మాటలు అప్పుడు గుర్తొచ్చాయి. జ్యోతి వాటిని బైబిలు వాక్యాల్లా అప్పజెప్పేది. చలికి బిగుసుకుపోయిన తాబేలు చచ్చినట్టే ఉంటుంది, గుండె నిమిషానికి ఒకసారో రెండుసార్లో కొట్టుకుంటుంది, కంటి కొసన మెల్లిగా ముట్టుకోవాలి, తోక దగ్గర ముట్టుకోవాలి, వంద లెక్కపెట్టాలి, మళ్ళీ ముట్టుకోవాలి, అలా మూడుసార్లు చెయ్యకుండా డెడ్ అని రాయకూడదు. లీలా ఆంటీ రూల్ అది.

ఆవిడ గొప్పేమిటో చూద్దాం అనుకుంటూ నవోమి చిటికెన వేలు కంటి కొసన ఆనించింది. ఏమీ లేదు. తోక దగ్గర ముట్టుకుంది. వంద లెక్కపెట్టింది, తెలుగులో, ఒక్కొక్కటిగా. రెండోసారి. ఏమీ లేదు. అరవై దాకా వచ్చేసరికి వంటగదిలో పాలు పొంగిన వాసన వచ్చింది. పొంగితే పొంగనీ అనుకుని వంద పూర్తి చేసింది. మూడోసారి కంటికి వేలు తగలగానే రెప్ప కదిలింది. కదిలిందో లేదో అన్నంత. మళ్ళీ ముట్టుకుంటే, ఈసారి అనుమానం లేకుండా ముడుచుకుంది.

నవోమి సంతోషం పట్టలేకపోయింది. అందులో సగం తాబేలు బతికినందుకు. మిగతా సగం, నిజం చెప్పాలంటే, ఇంకొకందుకు. దొరికింది వంక. ఇంత చదివినావిడ, ఇన్ని రూల్సు చెప్పినావిడ, బతికున్నదాన్ని చచ్చిందని రాసింది. ఐదో క్లాసు చదివిన తను వంటగదిలోంచి వచ్చి వేలు పెట్టి చెప్పింది. ఇలాంటి మనిషి దగ్గరకా పిల్లని పంపేది? ఆ మాట ఎలా అనాలో నాలుక మీద రెండుసార్లు తిప్పుకుని మరీ చూసుకుంది.

అయినా ముందు దాన్ని బతికించాలి. చలికి బిగుసుకున్న ప్రాణికి ఏం కావాలి? వేన్నీళ్ళు. పుట్టిన బిడ్డకి పోసినట్టు ఒళ్ళంతా వేడి పట్టించాలి. టబ్బులో వేడి పంపు విప్పింది. పొగలు కక్కుతూ నీళ్ళు నిండుతున్నాయి. సాంబ్రాణి ఎక్కడ పెట్టానా అని కూడా వెతికింది. గోడమీద జ్యోతి రాసి అంటించిన నంబరు చూసి లీల గారికి ఫోన్ చేసింది. సహాయానికి కాదు. ముందు అనాల్సింది అనేసి, తర్వాత మిగతా పని చూసుకుందామని.

లీల గారే ఎత్తింది.

"డాక్టరు గారూ, నేను నవోమిని. మీరు చచ్చిందని చీటీ కట్టిన తాబేలు మా బాత్‌రూములో కళ్ళు ఆర్పుతోంది. ఒకసారి వచ్చి చూసుకుంటారేమోనని."

అవతలి గొంతులో కోపం లేదు, తొందర ఉంది. దాన్ని నీళ్ళలో పెట్టారా అని అడిగింది. లేదు, టబ్బు నింపుతున్నాను అంది నవోమి.

"పెట్టకండి. నవోమి గారూ, దయచేసి పెట్టకండి. వేడి తగిలితే గుండె ఆగిపోతుంది. పంపు కట్టేయండి. పొడి టవల్ కింద వేసి అలాగే ఉంచండి. ఆ చలిలోనే ఉండనివ్వండి, మెల్లిమెల్లిగా రావాలది."

నవోమి ఫోన్ వదిలేసి పరుగెత్తి పంపు కట్టేసింది. ఇంకో నిమిషం ఆలస్యమైతే తన చేతులతోనే వేన్నీళ్ళలో దించేసేది. తిరిగి వచ్చి తడి చేత్తోనే ఫోన్ ఎత్తింది.

చీటీమీద నంబరు ఎంతుందని లీల గారు అడిగింది. ఇరవై మూడు అంది నవోమి. ఇరవై మూడా, అని ఆవిడ తనలో తను అనుకున్నట్టు అంది.

"ఔను," అంది లీల గారు. "నేనే రాశాను. నాదే పొరపాటు. తొందరపడ్డాను. మీరు చూశారు కనక సరిపోయింది. నేను బయల్దేరుతున్నాను."

నవోమి ఎదురుచూసిన మాటే అది. అయినా ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకోవడం ఎందుకో రుచించలేదు. బాత్‌రూములోకి వెళ్ళి టవల్ మడిచి తాబేలు కింద పెడుతూ చీటీ మళ్ళీ చూసింది. ఈసారి తీరిగ్గా చూసింది. డి అక్షరం పైన చిన్న కొక్కెం తిప్పి ఉంది. సుందర్ రాజ్ నక్షలమీద అలాగే రాసేవాడు. ఆ చేతిరాత ఈ భూమ్మీద ఇప్పుడు ఒక్కరికే ఉంది.

నవోమి అలాగే చతికిలబడింది.

చీటీ రాసింది జ్యోతి. లీల గారికి ఆ సంగతి, తను వెయ్యని నంబరు వినగానే అర్థమైంది. అర్థమై కూడా, ఒక్క క్షణంలో, అబద్ధమాడి నెత్తిన వేసుకుంది. పిల్లని కాపాడాలంటే తల్లి ఆడాల్సిన అబద్ధం అది. తన వాకిట్లోకి వచ్చి తనకంటే ముందు ఆవిడ ఆడేసింది. అంతవరకూ నవోమికి లీల గారిమీద అసూయ ఒకెత్తు, ఇప్పుడు కలిగింది ఒకెత్తు. చెడ్డ మనిషైనా బాగుండును అనుకుంది. చెడ్డ మనిషైతే ఎంత సుఖంగా ఉండేది.

పన్నెండింటికి జ్యోతి వచ్చింది. బాత్‌రూము తలుపు తీసి ఉండటం, లోపల తల్లి నేలమీద కూర్చుని ఉండటం చూసి అక్కడే ఆగిపోయింది. తాబేలు అప్పటికి ఒకసారి తల ఎత్తి ఊపిరి తీసుకుంది, చిన్న పిల్ల తుమ్మినట్టు.

నవోమి చెప్పాల్సిన మాట సిద్ధం చేసుకునే ఉంది. లీల గారు పొరపాటున రాశారట, వస్తున్నారట అంది. ఆవిడ అబద్ధాన్నే తానూ కాపాడుదామనుకుంది. ఇద్దరిలో తను వెనకబడకూడదు కదా.

జ్యోతి ముఖం తెల్లబోయింది. "లీలా ఆంటీ రాయలేదమ్మా. ఆంటీ అక్కడ లేరు. నన్ను బస్‌స్టాప్‌లో దింపేసి వెళ్ళిపోయారు. తర్వాత నాకు ఇది కనిపించింది, ఒడ్డున రాళ్ళ దగ్గర. వచ్చే శనివారం ల్యాబుకి ఇద్దామని తెచ్చేశాను. నేనే రాశాను."

మరి మూడుసార్లు కన్ను ముట్టుకోవాలని నువ్వే కదా రోజూ పాఠం చెప్పేదానివి అంది నవోమి.

"ఒక్కసారి టచ్ చేశాను. బస్ వస్తోంది. నువ్వు నాలుగుకి రావాలన్నావు కదా." ఆ మాటలో దెప్పు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చెప్పి అక్కడే గుమ్మంలో కూర్చుని, ఒక రాత్రంతా బయట చలిలో పెట్టాను అని వెక్కి వెక్కి ఏడ్చింది.

నాలుగింటికల్లా. ఆరింటి పాటలకి నాలుగింటికల్లా. నవోమి ఆ అంకెని మింగలేకపోయింది. పిల్లని రెండు గంటలు ముందుగా లాక్కోవాలని చూసింది తను. ఆ రెండు గంటలే ఈ చీటీ రాశాయి.

"లేవే," అంది చివరికి. "బతికే ఉందిగా. నాన్న విషయంలో కూడా నువ్వు స్టేషన్‌కి వెళ్ళకపోవడం వల్ల ఏమీ కాలేదు. వెళ్ళుంటే నీ కళ్ళముందు జరిగేది. అంతే తేడా."

జ్యోతి తలెత్తి చూసింది. అది నీకెలా తెలుసని అడగలేదు. జరిగి, తల్లి పక్కన ఆ ఇరుకు నేలమీద కూర్చుంది. ఎన్నాళ్ళకో.

లీల గారు వచ్చేసరికి పాస్టరు గారు కారులో వచ్చి పలావు గిన్నె తీసుకెళ్ళిపోయారు. నవోమి ఆరాధనకి రానని చెప్పడం ఆయన వినడం అదే మొదటిసారి. లీల గారు పొట్టిగా, నెరిసిన జుట్టుతో, మొగాళ్ళ కోటు వేసుకుని ఉంది. నవోమి ఆవిడని దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. ఇంత మామూలుగా ఉంటుందని అనుకోలేదు. ఆవిడ మోకాళ్ళమీద కూర్చుని తాబేలుని చూస్తూ, పొరపాటు నాదేనని మళ్ళీ మొదలుపెట్టింది. ఆ అట్టపెట్టెని బాత్‌రూములో విసిరేసింది నేనండీ, వేన్నీళ్ళు పెట్టింది నేను, త్వరగా రమ్మని తరిమింది నేను, కాబట్టి తప్పు నాది అంది నవోమి. చీటీ నాది కదా అంది లీల గారు. పిల్ల నాది కదా అంది నవోమి.

జ్యోతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నేను రాశాను. మీరిద్దరూ ఆపండి ప్లీజ్."

లీల గారు చీటీ విప్పి, జేబులో పెట్టుకుని, జ్యోతి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, నవోమి వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. నవోమి అది గమనించింది. కాస్త తృప్తి కలిగింది. సిగ్గు కూడా వేసింది.

ల్యాబుకి తీసుకెళ్ళాలంటే కారులో హీటరు వెయ్యకూడదట, అద్దాలు దించాలట. పెట్టె ఎవరైనా ఒళ్ళో కదలకుండా పట్టుకోవాలట. నేను పట్టుకుంటాను అంది నవోమి. రెండు స్వెటర్లమీద సుందర్ రాజ్ పాత ఓవర్‌కోటు తొడుక్కుని, తలకి శాలువా చుట్టి, ముందు సీట్లో కూర్చుంది. డిసెంబరు గాలి చెంపలు కోస్తుంటే గంటన్నర ప్రయాణం. ముక్కులు కారుతున్నాయి, ఎవరికీ తుడుచుకునే తీరిక లేదు. వెనక సీట్లో జ్యోతి పళ్ళు టకటకా కొట్టుకోవడం వినిపిస్తోంది.

సగం దూరం పోయాక లీల గారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది. "మీకు నామీద కోపమని తెలుసు నవోమి గారూ. నాకూ మీమీద ఉంది. శనివారం పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా మా అమ్మ ఇలా, మా అమ్మ అలా అని ఒకటే పాట. మీ పులుసు లాగే వండుదామని నాలుగుసార్లు ప్రయత్నించాను. చివరికి ఆ పిల్ల జాలిపడి బాగుందని చెప్పింది."

నిజమో, తనని మంచి చేసుకోడానికి అన్నదో నవోమికి తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే జ్యోతి కిటికీలోంచి బయటికి చూస్తోంది, చెవులు ఎర్రగా అయిపోయి. అది చలికి కూడా కావచ్చు. నవోమి పెట్టెని ఇంకాస్త దగ్గరకి పొదువుకుని, చింతపండు నానబెట్టడంలో ఉంటుందండీ కిటుకు అంది. ఎలా నానబెట్టాలో మాత్రం చెప్పలేదు.

ల్యాబు అంటే ఏదో పెద్ద భవనమనుకుంది. పొడుగాటి రేకుల షెడ్డు, సిమెంటు తొట్లు, ఫినాయిలు వాసన. లీల గారు తాబేలు వెనక నుంచి సన్నటి థర్మామీటరు పెట్టి చూసింది. చల్లటి గదిలో తడి తగలకుండా పడుకోబెట్టి, ఈ రాత్రి గడిస్తే రేపు కొంచెం వేడి పెంచుతాం, ఎల్లుండి ఇంకొంచెం, నీళ్ళలో వదలడం దాని ఓపికను బట్టి అంది. గడుస్తుందా అని నవోమి అడిగింది. చెప్పలేనంది లీల గారు. చెప్పలేనని ఒప్పుకునే డాక్టర్ని నవోమి మొదటిసారి చూసింది.

జ్యోతి రిజిస్టరులో ఇరవై మూడో నంబరు ఎదురుగా రాస్తుంటే, నవోమి ఓవర్‌కోటు జేబులోంచి మడిచిన కాగితం తీసింది. బయల్దేరేముందు బియ్యం డబ్బా కింద నుంచి తీసి పెట్టుకుంది. ఎందుకు తెచ్చిందో తెచ్చేటప్పుడు తనకే తెలియదు. చింపి ఆవిడ ముఖాన కొట్టడానికేమోనని కూడా అనుమానం. బల్లమీద పరిచింది. జ్యోతి రాయడం ఆపేసింది.

నవోమి జ్యోతి చేతిలోంచి పెన్సిలు తీసుకుంది. దాని వెనక రబ్బరుతో, కింద గీతమీద లీల గారి పేరు చెరిపింది. నంబరు చెరిపింది. కాగితం నలగకుండా నెమ్మదిగా, పొట్టు ఊదుకుంటూ చెరిపింది. తర్వాత బ్యాంకులో సంతకానికి నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలతో తన పేరు రాసింది. ఇంటి ఫోను నంబరు వేసింది. అది చూడకుండా వచ్చు.

"అమ్మా, వాళ్ళు ఇంగ్లీష్‌లో మాట్లాడతారు" అంది జ్యోతి మెల్లిగా.

"మాట్లాడనీ. నువ్వు బతికున్నావో లేదో వాళ్ళు చెబుతారు. ఆ రెండు మాటలూ నాకు వచ్చు. మిగతావి నువ్వొచ్చాక తెలుగులో చెప్పు."

సంతకం పెట్టాల్సిన చోట పెట్టింది. లీల గారు కిటికీ వైపు తిరిగి ఏదో సీసా మూత బిగిస్తోంది, బిగిసిన మూతనే మళ్ళీ మళ్ళీ.

సోమవారం పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది. జ్యోతి స్నానానికి పోయింది. నవోమి ఎత్తింది. లీల గారే. జ్యోతిని పిలవమనలేదు. "నవోమి గారూ, మీకే చేశాను" అని, ఇరవై మూడు రాత్రి గడిపిందని, ముందు కాళ్ళు రెండూ ఆడిస్తోందని, ఊపిరి బాగా తీస్తోందని చెప్పింది. నవోమి మంచిదండీ అంది. ఇంకా ఏదో అనాలనిపించి, చింతపండు వేన్నీళ్ళలో కాదండీ, చన్నీళ్ళలోనే నానాలి, రాత్రంతా, అంది.

ఫోన్ పెట్టేసి పొయ్యి దగ్గరికి వచ్చింది. బాత్‌రూములోంచి, ఎవరమ్మా ఫోన్ అని జ్యోతి కేక వేసింది. తాబేలుకి ఏమైంది అని మళ్ళీ కేక. నవోమి కాఫీ కలిపింది. పంచదార వేసింది. కూతురు తడిజుట్టుతో, తుడుచుకోకుండా, పరుగెత్తుకుంటూ వంటగది గుమ్మంలోకి వచ్చి తన ముఖంలోకి చూసేదాకా ఆగింది. ఆ కబురు ఇల్లు మొత్తంలో తన ఒక్కదాని దగ్గరే ఉంది. ఒక గుక్క కాఫీ తాగి, అప్పుడు చెప్పింది.